యెస్, నో బటన్లకు తెలుగులో ఏం పెట్టాలి?

తర్జుమాతిప్పలు

అందరికీ నమస్కారం. ఒక ఆస్పత్రి వాళ్ళ యాప్‌ను తెలుగులోకి మారుస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు రోగి గానీ, వెంట వచ్చినవాళ్ళు గానీ ట్యాబ్‌లో నింపే ఫారం అది. ప్రశ్నలు బోలెడు. ప్రతిదాని కిందా యెస్, నో అని రెండు బటన్లు. ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ ఒక్కచోట రాసిపెట్టుకుని అన్ని ప్రశ్నలకూ అవే వాడుకున్నారు. అందుకని నేనూ రెండే మాటలు ఇవ్వాలి. 'అవును', 'కాదు' ఇచ్చేశాను. ఇప్పుడు తెరమీద ఇలా కనిపిస్తోంది:

మీకు షుగరు ఉందా? అవును / కాదు
సిగరెట్లు తాగుతారా? అవును / కాదు
పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా? అవును / కాదు

మొదటి రెండూ ఎబ్బెట్టుగా ఉన్నా అర్థమవుతాయి. మూడోదే కొంప ముంచుతోంది. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఏమీ తినని పెద్దాయన ఒకరు 'అవును' నొక్కారు, 'అవును, తినలేదు' అని. పక్క మంచం ఆయన ఇడ్లీ తినొచ్చి తనూ 'అవును' నొక్కాడు, 'అవును, తిన్నాను' అని. నర్సు నోటితో మళ్ళీ అడుగుతుంది కాబట్టి సరిపోయింది.

మిగతా భాషలవాళ్ళు ఈ బాధ ఎలా పడుతున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు

అవును, కాదు చేసే పని చాలా చిన్నది. మీరు ఊరి పనంతా వాటికే అప్పజెప్పారు.

'అవును' అనేది 'అవు' అన్న క్రియకు ఒక రూపం. 'కాదు' దానికి వ్యతిరేకం. 'ఆయన డాక్టరా?' అని అడిగితే ఈ రెండూ చక్కగా అతుకుతాయి. 'షుగరు ఉందా?' అంటే మాత్రం 'ఉంది', 'లేదు'. 'టీ కావాలా?' అంటే 'కావాలి', 'వద్దు'. 'ఈత వచ్చా?' అంటే 'వచ్చు', 'రాదు'. 'రేపు వస్తావా?' అంటే 'వస్తా', 'రాను'. అడిగినవాడి ప్రశ్నలో ఏ క్రియ ఉందో దాన్నే పట్టుకుని తిప్పి చెబుతాం. 'వద్దు' కూడా ఒకప్పటి 'వలదు', నోళ్ళలో నలిగి ఇలా అయింది.

ఇంకో సంగతి. 'నాన్న ఉన్నాడా?' 'లేడు'. 'అమ్మ ఉందా?' 'లేదు'. 'మేష్టారు ఉన్నారా?' 'లేరు'. లేదని చెప్పడంలో కూడా మర్యాద పాటిస్తాం. ఫిన్లాండ్ వాళ్ళదీ దాదాపు ఇదే సంసారం. వాళ్ళ 'కాదు' ఒక క్రియ. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు అన్నదాన్నిబట్టి ఎన్, ఎత్, ఎయ్, ఎమ్మె, ఎత్తె, ఎయ్‌వాత్ అని మారుతుంది. 'వస్తావా?' అంటే 'వస్తా' అనే అంటారు వాళ్ళు కూడా.

కోడ్‌కూలీ

అన్నా, ఇంత దూరం ఎందుకు? తెలుగు లిపిలో 'యెస్', 'నో' అని రాసి పడేయ్. సెల్‌ఫోన్ పట్టుకున్న ప్రతి మనిషికీ తెలుసు. నేనూ ఇలాంటి యాప్ మీదే పనిచేస్తున్నా. ఒకే స్ట్రింగ్, అంటే తెరమీద కనిపించే మాట, వందల చోట్ల వాడతాం. ప్రశ్నకో బటన్ కావాలంటే మా లీడ్ నన్ను బతకనివ్వడు.

తర్జుమాతిప్పలు

@కోడ్‌కూలీ అదీ పెట్టి చూశాం బ్రో. లిపి మారిస్తే జవాబిచ్చే పద్ధతి మారదు కదా. 'తినలేదు కదా?' కింద 'యెస్' ఉన్నా, నొక్కేవాళ్ళు నొక్కేది తెలుగు 'అవునే'.

అట్లాంటా_అక్క

ఆ 'యెస్' ఏం చేస్తుందో నన్నడగండి. ఇక్కడ కోర్టుల్లో దుబాసీగా పనిచేస్తుంటాను. యాక్సిడెంట్ కేసులో లాయరు ఒకాయన్ని 'ఎదురుగా వస్తున్న కారు మీరు చూడలేదా?' అని ఇంగ్లీషులో అడిగాడు. మనాయనకు కాస్తో కూస్తో ఇంగ్లీషు వచ్చు. నేను నోరు తెరిచేలోపే 'యెస్' అనేశాడు. ఆయన ఉద్దేశం 'అవునండీ, చూడలేదు' అని. ఇంగ్లీషు లెక్కలో ఆ 'యెస్'కి 'చూశాను' అని అర్థం. చూసి కూడా బ్రేకు వెయ్యలేదన్నమాట! నేను జడ్జిగారికి మనవి చేసుకుని, ఈ జవాబు రెండు రకాలుగా అర్థమవుతుంది, ప్రశ్న మళ్ళీ అడిగించండి అని చెప్పాల్సి వచ్చింది.

తేడా ఎక్కడంటే, మనం ప్రశ్నకు ఒప్పుకుంటున్నామా లేదా అన్నది చెబుతాం. ఇంగ్లీషువాడు సంగతి జరిగిందా లేదా అన్నది చెబుతాడు. మామూలు ప్రశ్నకు రెండూ ఒకటే కాబట్టి ఏళ్ళ తరబడి ఇంగ్లీషు మాట్లాడినా ఇది బయటపడదు. 'లేదా?', 'కాదా?' అని అడిగినప్పుడే తన్నుకొస్తుంది. వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ఉత్తి యెస్, ఉత్తి నో వద్దు, వాక్యం మొత్తం చెప్పండి.

ఇంగ్లీషువాళ్ళు కూడా పుట్టుకతోనే ఇలా లేరు లెండి. ఒకప్పుడు వాళ్ళకు నాలుగు మాటలుండేవి. మామూలు ప్రశ్నకు 'యే', 'నే'. లేదా, కాదా అన్న ప్రశ్నకు 'యెస్', 'నో'. బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన టిండేల్ 'నే' అనాల్సిన చోట 'నో' అన్నాడని ఇంగ్లీషు పండితుడు సర్ థామస్ మోర్ 1532లో అచ్చులోనే ఏకిపారేశాడు. తరవాత తరవాత నాలుగూ రెండై కూర్చున్నాయి. అమెరికా చట్టసభలో ఓట్లు లెక్కపెట్టేటప్పుడు ఇప్పటికీ ఆ పాత రెండు మాటలూ వినిపిస్తాయి.

టోక్యోతెలుగు

జపనీస్ ఈ విషయంలో అచ్చం మనలాగే. 'తినలేదా?' అంటే 'హై' అంటారు, 'అవును, తినలేదు' అని. కొరియావాళ్ళూ అంతే. ఇక్కడికి వచ్చిన కొత్తలో అమెరికా నుంచి వచ్చిన సహోద్యోగులు ఈ 'హై'తో జుట్టు పీక్కుంటుంటే నాకు మాత్రం ఇంట్లో ఉన్నట్టే అనిపించేది.

ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. స్నేహితుల మధ్య 'హై' అనరు, 'ఉన్' అంటారు. కాదనడానికి దాన్నే సాగదీసి 'ఉఊన్' అంటారు. మన ఊఁ, ఉహూఁ గుర్తుకు రావడం లేదూ?

మీటింగులో మనం చెబుతున్నంతసేపూ అవతలివాళ్ళు 'హై, హై' అంటూనే ఉంటారు. దాన్ని 'ఐజుచి' అంటారు. వింటున్నాను, చెప్పండి అని తప్ప, ఒప్పుకున్నాను అని కాదు. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టడం లాంటిదే. అది తెలియక, బేరం కుదిరిందనుకుని బయటికొచ్చి అందరికీ చెప్పేసుకున్నవాళ్ళని చూశాను.

'కెక్కోదెసు' అని ఇంకో మాయ మాట ఉంది. 'బాగుంది' అనీ అర్థమే, 'వద్దండీ, చాలు' అనీ అర్థమే. కాఫీ పోయమంటారా అని అడిగితే ఈ మాట వచ్చిందంటే పొయ్యకండి.

రైన్‌రామం

అట్లాంటా అక్కగారు చెప్పిన చిక్కును జర్మన్‌వాళ్ళు మూడో మాటతో తీర్చుకున్నారు. 'యా' అంటే అవును, 'నైన్' అంటే కాదు. 'నువ్వు రావడం లేదా?' అని అడిగినప్పుడు, వస్తున్నాను అని చెప్పాలంటే రెండూ పనికిరావు, 'దోఖ్' అనాలి. మా పాప తెలుగు మాట్లాడుతూ కూడా 'అన్నం తినలేదా?' అంటే 'దోఖ్!' అంటుంది. ఫ్రెంచిలో అక్కడ 'సీ', స్వీడిష్‌లో 'యూ', హంగేరియన్‌లో 'దె', రొమేనియన్‌లో 'బ దా'.

స్వీడన్ అంటే గుర్తొచ్చింది. ఉత్తరాన ఊమియో వైపు 'అవును' అనడానికి మాటే అక్కర్లేదు. పెదాలు బిగించి గాలి లోపలికి 'ష్‌ప్' అని పీలిస్తే అయిపోయింది. మొదటిసారి విన్నవాళ్ళు ఎదుటి మనిషికి ఉబ్బసం అనుకుంటారు.

లాటిన్‌లో అసలు 'అవును'కి ఒక ఖాయమైన మాట లేదు. 'అట్లే' అనేవారు, లేకపోతే మనలాగే క్రియ తిప్పి చెప్పేవారు. దాని పిల్లలు తలో దారి పట్టాయి. ఇటలీ, స్పెయిన్ 'సిక్' నుంచి 'సీ' చేసుకున్నాయి. ఫ్రాన్సు దక్షిణాన 'ఓక్', ఉత్తరాన 'ఓయిల్'. ఆ ఓయిలే ఇప్పటి 'వీ'. 14వ శతాబ్దం మొదట్లో ఇటలీ కవి దాంతే ఈ భాషల్ని 'అవును' ఎలా అంటారన్నదాన్నిబట్టే మూడుగా విడగొట్టాడు. దక్షిణ ఫ్రాన్సులో ఒక ప్రాంతం పేరే లాంగ్‌దోక్, అంటే 'ఓక్' అనేవాళ్ళ భాష.

పాపం మన తెలుగులోనే ఆ 'దోఖ్' లాంటిది లేదు.

గోదారిగట్టు

లేకేం!

ఇదిగో, ఇదే అది. 'నీకు తెలీదా?' 'తెలీకేం!' 'వాడు రాడా?' 'రాకేం!' 'ఇంట్లో పంచదార లేదా?' 'లేకేం, డబ్బా నిండా ఉంది.' జర్మన్‌వాడికి ఒక్క దోఖ్ ఉంటే మనకు ప్రతి క్రియకూ ఒక దోఖ్ ఉంది. ఈ మధ్య పిల్లల నోట తక్కువ వినిపిస్తోంది గానీ పల్లెటూళ్ళో పెద్దవాళ్ళతో ఒక పూట కూర్చోండి, ఎన్ని వినపడతాయో.

రైన్‌రామం

మాష్టారూ, దండం. రేపట్నుంచి మా పాపకి 'తినకేం' నేర్పుతాను.

వేదవాక్కు

ఇంత చర్చ అనవసరం. 'ఔను' అనేది 'ఓం' నుంచి పుట్టింది. సంస్కృతంలో ఓం అంటే అంగీకారం. అన్ని భాషల 'అవును'కీ మూలం అదే. తమిళ 'ఆమాం' కూడా అదే కదా.

గోదారిగట్టు

సగం నిజం. ఓం అనేది అనుమతి తెలిపే అక్షరం అని ఛాందోగ్యోపనిషత్తు మొదట్లోనే ఉంది. ఎవరైనా దేనికైనా సరేనంటే 'ఓం' అంటారని చెబుతుంది. సంస్కృతంలో ఒప్పుకోలుకి 'ఆమ్', 'బాఢమ్', 'తథా' కూడా ఉన్నాయి.

రెండో సగమే కుదరదు. 'ఔను'కి వ్యతిరేకం 'కాదు'. 'అగును, కాదు', 'అయింది, కాలేదు', 'అవుతుంది, కాదు'. ఇల్లంతా ఒకే క్రియ పిల్లలతో కళకళలాడుతుంటే తండ్రిని ఎక్కడో వెతకడం దేనికి?

మదరాసుమావయ్య

@వేదవాక్కు తమిళ 'ఆమాం' కూడా 'అగు' అన్న అర్థం ఉన్న క్రియ నుంచి వచ్చిందే బాబూ. కన్నడంలో 'హౌదు', పాత రూపం 'అహుదు', అదీ అంతే. మలయాళం ఒక్కటే వేరే దారి, 'అతె' అంటే 'అదే' అని. కాదు, లేదు, వద్దు అనే మూడు ముక్కలాట మాత్రం అందరిదీ. తమిళంలో అల్ల, ఇల్లై, వేండాం. కన్నడంలో అల్ల, ఇల్ల, బేడ. మలయాళంలో అల్ల, ఇల్ల, వేండ. కాకపోతే ఇవాళ చెన్నై వీధుల్లో తమిళులు 'అల్ల'ను దాదాపు వదిలేశారు, అన్నిటికీ 'ఇల్లై'తో నెట్టుకొస్తున్నారు. తెలుగు ఆ విషయంలో ఇంకా గట్టిగా ఉంది.

మన కుటుంబం ఒక్కటే అనుకోకండి. నేపాలీలో 'ఛ, ఛైన' అంటే ఉంది, లేదు. 'హో, హోఇన' అంటే అవును, కాదు. బెంగాలీలో 'నేయ్' అంటే లేదు, 'నొయ్' అంటే కాదు. హిందీకి మాత్రం అన్నిటికీ ఒక్క 'నహీఁ'.

పాతబస్తీపాషా

హిందీకి ఒక్కటే అయితే కానీ, మా హైదరాబాద్ దక్కనీకి రెండు. 'నైఁ' అంటే లేదు, కాదు. 'నక్కో' అంటే వద్దు. చాయ్ పోస్తుంటే 'నైఁ' అనరు, 'నక్కో' అంటారు. అది మరాఠీ 'నకో'. అవునంటే 'హౌ'. లక్నో నుంచి వచ్చిన మా బంధువులకు 'హాఁ' బదులు 'హౌ' వినపడగానే నవ్వాగదు. కానీ వారం రోజులుంటే వాళ్ళూ 'నక్కో' అంటారు. ఎందుకంటే ఆ పని చేసే మాట వాళ్ళ దగ్గర లేదు మరి.

రామం భాయ్, మీ దోఖ్ లిస్టులో అరబ్బీ 'బలా' కలుపుకోండి. మామూలుగా అవునంటే 'నఅమ్'. 'కాదా?' అని అడిగితే, 'ఎందుక్కాదు!' అనడానికి 'బలా'.

డబ్లిన్‌దాసు

తర్జుమా గారూ, మీ కష్టం ఐరిష్‌వాళ్ళకు బాగా తెలుసు. ఐరిష్ భాషలో యెస్‌కీ నోకీ మాటలే లేవు. క్రియ తిప్పి చెప్పడమే. 'విన్నావా?' అంటే 'విన్నాను', 'వినలేదు'. మరి రెఫరెండం, అంటే ఒక విషయం మీద ప్రజలందరూ ఓటేసే ఎన్నిక, దాని బ్యాలెట్ మీద ఏం రాయాలి? 'తా', 'నీల్' అని రాస్తారు. దాదాపు మన 'ఉంది', 'లేదు'. 2018లో ఇక్కడ అబార్షన్ మీద రెఫరెండం జరిగినప్పుడు బ్యాలెట్ మీద పక్కపక్కన 'తా / యెస్', 'నీల్ / నో' అనే ఉంది. పార్లమెంటులో ఓట్లు చదివేటప్పుడూ తా ఇన్ని, నీల్ ఇన్ని అంటారు.

పక్కనే ఉన్న వెల్ష్ మరీ ఘోరం. అవును అనడానికి డజన్ల కొద్దీ రూపాలు. జరిగిపోయినదాన్ని అడిగితే మాత్రం దయతలచి ఒకే జంట ఇచ్చారు, 'దో', 'నద్దో'.

నేను మీ స్థానంలో ఉంటే బటన్లు వదిలేసి ప్రశ్నల్ని మార్చేవాణ్ణి. అన్ని ప్రశ్నలూ 'ఉందా?'తో ముగిసేలా రాయండి. 'సిగరెట్లు తాగుతారా?' బదులు 'సిగరెట్ అలవాటు ఉందా?' అప్పుడు ఒక్క జంటతో పని జరిగిపోతుంది.

శ్రీకాకుళంసీను

'ఉంది, లేదు' పెట్టినా మా అమ్మమ్మ చదివేది 'ఉంది, నేదు' అనే. మా వైపు లేదుని 'నేదు' అంటారండి. వైజాగ్ హాస్టల్లో దీని గురించి ఏడిపించని రోజు లేదు. ఇప్పుడు కొరియా కంపెనీలో పనిచేస్తున్నా. వాళ్ళ 'అవును' ఏంటో తెలుసా? 'నే'! ఫోన్‌లో మేనేజరు 'నే, నే' అంటుంటే మా అమ్మమ్మ పక్కనుంచి 'ఏటి, అన్నీ నేవంతన్నాడేటి?' అంది.

వార్సావంశీ

@శ్రీకాకుళంసీను నీది నయం తమ్ముడూ. పోలిష్‌లో అవునంటే 'తాక్', కానీ మామూలు మాటల్లో 'నో' అంటారు. అవును, అవునవును అని. పక్కనున్న చెక్‌వాళ్ళూ 'అనో'ని కత్తిరించి 'నో' అంటారు. ఇక్కడ గది కోసం వెళ్ళినప్పుడు ఇంటావిణ్ణి ఖాళీ ఉందా అని అడిగితే, 'నో, నో' అంటూ తలుపు బార్లా తీసింది. నేను థాంక్స్ చెప్పి మెట్లు దిగిపోతుంటే వెనకాలే వచ్చి పిలిచింది.

రష్యన్‌వాళ్ళు 'దా న్యెత్' అంటారు, మాటకు మాట పెడితే 'అవును కాదు' అని. అర్థం 'అబ్బే, లేదులే'.

ఓడలోఉద్యోగం

నోటితో అయినా కాస్త నయమండీ, తలకాయలతో చూడాలి. బల్గేరియా వార్నా రేవులో సరుకు దింపుతుంటే, 'ఇంకా ఉందా?' అని సైగ చేశాను. కింద ఉన్నతను తల కిందకీ పైకీ ఆడించాడు. ఉందనుకుని మేం క్రేన్ ఆపలేదు. అక్కడ తల నిలువుగా ఊపితే కాదు, అడ్డంగా ఊపితే అవును. పోనీ గుర్తుపెట్టుకుందాం అంటే, బయటివాళ్ళతో పనిచేసి అలవాటైనవాళ్ళు మనకోసం మన పద్ధతిలో ఊపుతారు! ఎవరు ఏ పద్ధతిలో ఊపుతున్నారో తెలీక, చివరికి 'దా', 'నె' అని నోటితో అనిపించుకునేదాకా వదిలేవాళ్ళం కాదు.

అక్కడ 'నె' అంటే కాదు కదా. సరిహద్దు దాటి గ్రీసుకి వెళితే 'నె' అంటే అవును. కాదనడానికి 'ఓహి'. 1940 అక్టోబరు 28న ఇటలీ నియంత ముస్సోలినీ హెచ్చరికను తోసిపుచ్చినందుకు గ్రీకులు ఏటా 'ఓహి రోజు' అని పండగే చేసుకుంటారు. ఒక్క 'కాదు' పేరుతో జాతీయ సెలవు! గ్రీసులోనూ టర్కీలోనూ నోరు విప్పకుండా కాదనాలంటే తల వెనక్కి ఎగరేసి నాలుకతో 'చ్' అంటారు. మనం 'ప్చ్' అన్నట్టే ఉంటుంది. మన దగ్గర కూడా 'బస్సొచ్చిందా?' అంటే 'ప్చ్' అంటే చాలదూ.

మనల్నీ అనాలి లెండి. ఫిలిప్పీన్స్ కుర్రాడు ఒకడు నన్ను అడిగాడు, మీ ఇండియన్లు తల పక్కకి అటూ ఇటూ వాలుస్తారే, అది అవునా కాదా అని. అవును, సరే, విన్నాను, చూద్దాం, నీ ఖర్మ, అన్నీనూ అని చెప్పాను.

ఇండోనేషియా వాళ్ళ దగ్గర ఒక మంచి మాట ఉంది. 'బుకాన్' అంటే కాదు, 'తిదాక్' అంటే లేదు లాంటిది, 'జాంగాన్' అంటే అలా చెయ్యొద్దు. ఇవి కాక 'బెలూమ్', అంటే 'ఇంకా లేదు'. పెళ్ళయిందా అని అడిగితే అక్కడ 'లేదు' అనరు, ఎంత వయసొచ్చినా 'బెలూమ్' అనే అంటారు.

పెళ్ళిళ్ళపేరయ్య

ఆ 'బెలూమ్' మాకు కావాలి! మా వృత్తిలో 'లేదు', 'వద్దు' అన్న మాటలు వినపడనే వినపడవు. పిల్ల నచ్చకపోతే ఏమంటారు? 'ఇంటికెళ్ళి ఏ సంగతీ ఫోన్ చేసి చెబుతాం.' కాస్త మొహమాటస్తులైతే 'జాతకాలు ఒకసారి చూపించుకుంటాం.' చెయ్యి తడుపుకుని లేచిపోయేటప్పుడు 'చూద్దాం' అన్నారంటే ఇక ఆ ఇంటికి వెళ్ళక్కర్లేదు.

తెలుగువాళ్ళు 'లేదు' అనడానికి జంకుతారండీ. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, 'నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరిపోయిందనరు, 'కొండెక్కింది' అంటారు. పొద్దున్నే బోణీ కాకముందు కొట్టుకెళ్ళి లేని సరుకు అడిగి చూడండి, 'సాయంత్రం వస్తుందండీ, ఇంకేం కావాలి?' అంటాడు. విస్తరి ముందు కూర్చున్నవాడు 'వద్దు' అంటే వడ్డించేవాడు నమ్మడు. విస్తరి మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాలి. అప్పటికీ చేతి సందులోంచి ఒక గరిటె పడుతుంది.

అవునన్నా అంతే. గంగిరెద్దులా తలూపేవాడు ఒప్పుకున్నట్టు కాదు.

అట్లాంటా_అక్క

పేరయ్య గారూ, మా పిల్లలు తెలుగు ఇళ్ళకు భోజనానికి వెళ్ళి ఒక్కసారి 'నో' అంటే వాళ్ళు పెట్టడం మానేశారని, అమెరికా పిల్లలింటికి వెళ్ళినట్టుందని ఏడ్చిన సందర్భం కూడా ఉంది. పెట్టేవాళ్ళు మారిపోయారు!

తర్జుమాతిప్పలు

దాసు గారి సలహా పట్టుకుని ఫారం మొత్తం తిరగరాశాను. 'షుగరు ఉందా?', 'సిగరెట్ అలవాటు ఉందా?', 'ఇంతకు ముందు ఆపరేషన్ జరిగిన సందర్భం ఉందా?', 'ఏ మందైనా పడకపోవడం ఉందా?' కింద 'ఉంది', 'లేదు'. కొంప ముంచిన ప్రశ్నలో 'లేదు కదా' తీసేసి 'పొద్దుట్నుంచి ఏమైనా తినడం, తాగడం జరిగిందా?' అని పెట్టాను. 'ఉంది, లేదు' దీనికి అతకవు. 'ఈ రోజు ఏమైనా తిన్నది ఉందా?' అంటే మరీ కృతకంగా ఉంది. ఏం చెయ్యను?

థియేటర్‌నర్సు

చదువుతూ వస్తున్నాను, ఇక ఉండబట్టక రాస్తున్నాను. నేను చేసేది ఇదే పని. ఆ ప్రశ్నను అవును, కాదులతో ఎవరూ అడక్కండి. మేం నోటితో అడిగేది 'చివరిసారి ఏం తిన్నారు, ఎన్నింటికి?' అని. అప్పుడు చెబుతారు, 'ఏమీ తినలేదమ్మా, కాఫీ తాగానంతే.' ఆ కాఫీ, పైగా పాలు పోసిన కాఫీ, మీ బటన్లలో ఎక్కడా దొరకదు. టైము రాయించండి.

'మీరు గర్భవతా?' అని ఉంటుంది చూడండి, దానికి 'అవును, కాదు' కుదిరినా మా దగ్గర ఎవరూ ఆ మాట వాడరు. 'నెల తప్పారా?' అనే అడుగుతాం. దాన్ని కూడా 'చివరిసారి బయట చేరింది ఎప్పుడు?' అని తేదీ అడగడమే మంచిది.

అసలు చిక్కు సంతకం పేజీతో. 'ఆపరేషన్‌కు మీకు సమ్మతమేనా?' అని ఉంటుంది. అక్కడ 'ఉంది, లేదు' పెడితే ఊరుకోను. సగం మంది మా మొహంలోకి చూసి 'ఏది నొక్కాలమ్మా?' అంటారు. మేం చెప్పకూడదు. కొడుకు పక్కనుంచి 'అవును నొక్కు నాన్నా' అంటాడు, ఆయన 'ఊఁ' అంటాడు. టోక్యో గారు చెప్పినట్టు ఆ ఊఁకి వింటున్నానని అర్థం, అంతే. కాబట్టి బటన్ మీదే మొత్తం రాయండి: 'ఆపరేషన్ చేయించుకుంటాను', 'చేయించుకోను'. చదివితే తను ఏం ఒప్పుకుంటున్నాడో ఆయనకే తెలియాలి.

గోదారిగట్టు

నర్సమ్మగారి మాటే మాట. 'చేయించుకుంటాను, చేయించుకోను'. ఇది తెలుగు.

తర్జుమాతిప్పలు

@థియేటర్‌నర్సు చాలా థాంక్సండీ. తినడం, నెల తప్పడం రెండిట్లో బటన్లు తీసేసి టైము, తేదీ అడిగే గళ్ళు పెట్టమంటాను. మిగిలినవాటికి 'ఉంది, లేదు'. సంతకం పేజీకి వేరే బటన్లు. @కోడ్‌కూలీ ఆ ఒక్క పేజీకి వేరే స్ట్రింగ్ పెట్టడం మరీ అంత కష్టమా?

కోడ్‌కూలీ

కోడ్ పరంగా పది నిమిషాల పని. యాపిల్ వాళ్ళ డిజైన్ సూచనల్లో కూడా బటన్ మీద యెస్, నో కాకుండా చేసే పనే రాయమని ఉంటుంది. ఇంగ్లీషులో కూడా అదే మంచిది నిజానికి. ఫొటో తీసేసే చోట 'తీసెయ్యి', 'ఉంచు' అంటే ఏ గొడవా లేదు. మా యాప్‌లో కూడా మారుద్దామని లంచ్ తర్వాత మా లీడ్‌ని అడిగా.

రైన్‌రామం

ఏమన్నాడు?

కోడ్‌కూలీ

'చూద్దాం' అన్నాడు.

పెళ్ళిళ్ళపేరయ్య

ఇంకో సంబంధం చూసుకోండి.